ప్రేమలత వాక్యం చెప్పడం నేర్చుకున్న వైనం

హిందూపురంలోని ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో ప్రేమలత చెకర్. లైన్లో కుట్టి వచ్చిన చొక్కాలన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. కుట్టు ఎక్కడ తప్పింది, గుండీ ఎక్కడ వదులైంది, కాలర్ ఏ పక్కకు వాలింది, ఇవన్నీ పట్టుకోవడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే పని చేసి చేసి, పెళ్లికి పోయినా ఆమె కన్ను ఎదుటివాళ్ల బ్లౌజు కుట్ల మీదే పడేది. "పెండ్లికూతురి మొగం చూసినావా, కుట్టు చూసినావా?" అని భర్త జాన్ ఆటపట్టించేవాడు.

కాపురం పెనుకొండలో. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది చీకటి పడేవేళకే. సెలవంటూ ఉన్నది ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం మధ్యాహ్నం నిద్ర కూడా అనసూయమ్మ టీచర్ పుణ్యమా అని పోయింది.

అనసూయమ్మ బడిపంతులమ్మగా రిటైరయింది. ఎర్రమంచి దగ్గరి ఒక పల్లెలో నాగరత్నమ్మ అనే రైతు ఇల్లాలి వసారాలో ఇరవై ఏళ్లు బైబిలు క్లాసు నడిపింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ధర్మవరంలో కూతురింటికి చేరుతూ ఆ క్లాసును ప్రేమలతకు అప్పగించింది.

"నాకేం వస్తాది టీచరమ్మా?"

"ప్రార్థన చేసుకొని పో. పరిశుద్ధాత్మ దేవుడే నడిపిస్తాడు."

ప్రేమలత ప్రార్థన చేసుకుంది. కానీ దేవుణ్ని ఇబ్బంది పెట్టడం ఎందుకన్నట్టు, వారమంతా ఫోన్లో ప్రసంగాలు విని పదకొండు పేజీల నోట్సు కూడా రాసుకుంది.

మొదటి ఆదివారం విత్తేవాడి కథ. వసారాలో చాపల మీద పదిహేను మంది దాకా కూర్చున్నారు. ఒకాయన విత్తడానికి పోతే కొన్ని గింజలు దారి పక్కన పడ్డాయి, కొన్ని రాతి నేలన, కొన్ని ముళ్లలో, కొన్ని మంచి నేలలో. చదవడం అయ్యాక ఆమె రెండో పేజీ తిప్పిందో లేదో, నాగరత్నమ్మ భర్త చెన్నప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఒగ మాట అడుగుతా, ఏమనుకోవద్దు పాపా. ఆయప్పకు సేద్యం తెలుసునా?"

"ఎవరికి మామా?"

"ఆ విత్తేటాయప్పకు. దారి మింద ఎవరన్నా విత్తనం ఏస్తారా? చెనిక్కాయ విత్తనం రేటు ఎంతుండాదో తెలుసునా? గొర్రు వెనకాల ఒగ్గొగ్గ గింజ వదుల్తాం మేము."

అందరూ నవ్వారు. ప్రేమలత నోట్సు పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పింది. పదకొండు పేజీల్లోనూ దానికి జవాబు లేదు. తల వంచుకుని, 'తండ్రీ, ఏదో ఒకటి చెప్పించు' అని లోలోపల వేడుకుంది. ఏమీ తట్టలేదు. ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా ఉంది, తనకు తెలియదని.

"నాకు తెలీదు మామా. నేను చొక్కాలు చూసుకునేదాన్ని. మీరే చెప్పండి, ఆయన ఎందుకట్లా చల్లింటాడు?"

చెన్నప్ప నోరు తెరిచేలోపే వంటింటి గడప దగ్గర్నుంచి నాగరత్నమ్మ అందుకుంది.

"మన చేను చూడరాదా? బండ పక్క ఏమీ రాదంటివి. పోయినేడు ఆడే పచ్చగుండె. ఏ నేల ఎప్పుడు పండుతాదో నీకేం తెలుసు, నాకేం తెలుసు? ఆయప్పకు నేల మింద ఆశ జాస్తి. అందుకే అంతా చల్లినాడు."

తన నోట రావాలని ప్రేమలత అడిగిన మాట నాగరత్నమ్మ నోట వచ్చింది. నోట్సు మూసేసింది.

అంతవరకు బాగానే ఉంది. కానీ ఇంటికి వచ్చేసరికి, అడ్డమంతా ఆ నోట్సే అని తేల్చేసుకుంది. ఇక ఆ వారం పుస్తకం తెరవనే లేదు. దేవుడే నడిపిస్తాడని రెండో ఆదివారం ఉత్త చేతులతో పోయి, కళ్లు మూసుకుని బైబిలు తెరిచింది. వచ్చింది వంశావళి. ఎవరు ఎవరిని కన్నారో ఆ పేర్లన్నీ చదువుతూ పన్నెండో పేరు దగ్గర నాలుక మడతపడింది. రెండు పాటలు పాడించింది. తర్వాత ఏం చెప్పాలో తెలియక ఫ్యాక్టరీ క్యాంటీన్ సాంబారు గురించి మాట్లాడింది. క్లాసు చివర ఇచ్చే టీని నాగరత్నమ్మ అరగంట ముందే తెచ్చింది.

"ఈ పొద్దు పాటలు బాగుండె పాపా," అన్నాడు చెన్నప్ప. ఆయన అంత మర్యాదగా అనడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

సోమవారం సెలవు పెట్టి ధర్మవరం బస్సెక్కింది. జరిగిందంతా విని అనసూయమ్మ మోకాలు పట్టుకుని మరీ నవ్వింది.

"నడిపిస్తాడంటే ఎత్తుకొని పోతాడనుకుంటివా? నీ కాళ్లు నువ్వు ఎత్తి పెట్టాల గదే!"

"మరి ఎట్లా టీచరమ్మా?"

"నేను సోమవారమే చదువుకుంటాంటి. కూరగాయలు తరుగుతాన్నా, బస్సులో పోతాన్నా అదే మనసులో. ఆమీద వచ్చేవాళ్లని ఒక్కొక్కరినీ పేరు పెట్టి ప్రార్థన చేస్తాంటి. ఈ మాట చెన్నప్పకు ఏమని చెప్పాల అని దేవుణ్నే అడుగుతాంటి. అడిగినాంక గమ్మునుండాల. నువ్వు గమ్మునుండేది యాడ?"

"ఆయన చెప్పినాడని ఎట్లా తెలుస్తాది?"

"చానాసార్లు నాకే తెలీదు. భయపడతానే పోతాంటి."

ఆ వారం ప్రేమలత అలాగే చేసింది. నడవలేని మనిషిని నలుగురు మంచం మీద మోసుకొచ్చి, జనం అడ్డుండేసరికి ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించిన కథ అది. చొక్కాలు చూస్తూనే మనసులో నెమరేసుకుంది. పేరు పేరునా ప్రార్థించింది. లెక్కలో లేని పేరొకటి మాటిమాటికీ గుర్తుకొచ్చింది, ఇళ్లు కట్టే హనుమంతప్ప మేస్త్రీ. భార్యను క్లాసు దగ్గర దింపి, అయిపోయేదాకా వీధిలో బండి మీదే కూర్చునే మనిషి. ఆయన చేత చదివించాలనిపించింది. 'ఆయన లోపలికే రాడే!' అని దేవుడితో వాదించింది. గురువారమూ అదే, శుక్రవారమూ అదే.

ఆదివారం నేరుగా బండి దగ్గరికే పోయింది. "అన్నా, ఈ పొద్దు వాక్యం మీరు చదువుతారా?"

హనుమంతప్ప బిత్తరపోయాడు. "నాకు చదువు అంతంత మాత్రమేక్కా. ఐదుతో నిలిపేస్తి."

"నిదానంగానే చదవండి."

వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పది వాక్యాలకు పావుగంట పట్టింది. ఒక్కరూ కదల్లేదు. అంత మెల్లగా వింటే, ఆ మంచం మోస్తున్నవాళ్ల వెనకే నడుస్తున్నట్టుంది. కప్పు దగ్గరికొచ్చి ఆయనే ఆగిపోయాడు.

"మిద్దె పగలగొట్టినారా? ఇంటాయన ఊరకుండెనా?"

"ఇరగ్గొట్టింటాడు," అన్నాడు చెన్నప్ప.

మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఆ నలుగురే మళ్లా ఏసిచ్చింటారు. అంత దూరం మోసుకొచ్చినోళ్లు, పగలగొట్టి వదిలేసి పోతారా?"

ప్రేమలత నోట్సులో కప్పు గురించి అర పేజీ ఉంది. దాన్ని తెరవలేదు. "ఇంకోసారి చదవండన్నా," అంది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఆమె ఇప్పటికీ నోట్సు రాస్తుంది, రెండు పేజీలు. ఒక్కో ఆదివారం ఏమీ పండదు, జాన్‌తో ఆ మాటే చెప్పి పడుకుంటుంది. హనుమంతప్ప మాత్రం ప్రతివారం చదువుతున్నాడు. ఈమధ్య కాస్త వేగం పెరిగిందని నాగరత్నమ్మ ఫిర్యాదు.

"అంత జోరుగా చదవద్దప్పా, మాకు అందకుండా పోతాండాది."