మా నాయన చూసిన చిరుత

దయ్యాలన్నా, పూనకాలన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. కోదాడలో సైన్స్ టీచర్‌ని. ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే మధ్యలోనే అడ్డం పడి, ప్రశ్నలతో వాళ్ళను తినేసే రకాన్ని. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి వచ్చింది. నన్నూ అలాగే అడగండి, తప్పులేదు.

మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. మా నాయన గొర్రెల కాపరి. వరినాట్లు పడ్డాయంటే మా వైపు మందకు కాలు పెట్టే జాగా ఉండదు. అందుకని ఏటా నల్లమలకు తోలుకుపోయేవాడు. అక్కడ చిరుత ఎన్ని గొర్రెలను ఎత్తుకుపోయినా ఒక్కసారీ ఆయన కంటపడలేదు. తెల్లారి చూస్తే నెత్తుటి చారలే మిగిలేవి. "దొంగ మొకంది, ఎట్ల పడతదో ఒక్కసారన్న సూడాలె" అని ఇంటికొచ్చి తిట్టుకునేవాడు.

మూడేళ్ళ కిందట నీటికాసులతో, అదే గ్లకోమాతో, ఆయన రెండు కళ్ళూ పోయాయి. కళ్ళ ముందు టార్చి వేసినా తెలియదు. అప్పటి నుంచి గడప దాటలేదు, సగం తిని చెయ్యి కడిగేసేవాడు. ఇలాగే సాగితే మనిషి దక్కడని నాకు భయం పట్టుకుంది. అడవి గాలి తగిలితేనన్నా మారతాడేమోనని, పోయిన చలికాలం బతిమాలి నల్లమల సఫారీకి తీసుకుపోయాను. "గుడ్డోనికి అడవి సూపిస్తవా?" అని వెటకారం చేశాడు గానీ జీపు ఎక్కాడు.

పొద్దున్నే, ఎండ బాగా వచ్చాక, ఒక నీటిగుంట దగ్గర చెంచు గైడ్ జీపు ఆపించాడు. దుప్పులు మేస్తున్నాయి. నేను వర్ణించి చెప్పబోతే నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా. గాడ సూడు, పుట్ట ఎనక. పండుకొని ఉన్నది."

గైడ్ బైనాక్యులర్‌తో వెతికి, "ఏం లేదు పెద్దాయనా" అన్నాడు.

"ఎడమ చెవు సినిగి ఉన్నది, సూడు. ఇగ లేస్తది."

అప్పుడు కనబడింది చిరుత. పొట్ట నేలకు ఆనించి జరుగుతోంది. ఎండుటాకు చప్పుడు కూడా లేదు. దుప్పి తల వంచితే కదులుతుంది, తల ఎత్తితే రాయిలా ఆగిపోతుంది. అంత ఓపిక నేను మనుషుల్లో చూడలేదు.

"మందను ఇడిసిపెడ్తది. గా ఆఖరుదాన్నే పడతది" అన్నాడు నాయన.

అన్నట్టే, చెల్లాచెదురైన వాటిని వదిలేసి ఆఖరుదాని మీదికి దూకింది. గొంతు పట్టిన పట్టు మళ్ళీ వదల్లేదు. నాకు భయం వేయలేదు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

నాయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఎన్నేండ్లు తిట్టిన దీన్ని! గింత పనిమంతురాలని తెల్వకపాయె."

గైడ్ తీసిన ఫొటోను పెద్దది చేసి చూశాం. ఎడమ చెవి చీలి ఉంది.

వాసన పట్టాడనుకుందాం. పిట్టల అరుపును బట్టి చోటు పోల్చుకున్నాడనుకుందాం. అడవిలో అన్నేళ్ళు తిరిగిన మనిషి. కానీ చినిగిన చెవికి వాసన ఉంటుందా? తర్వాత కళ్ళ డాక్టర్‌కు చూపిస్తే ఏ మార్పూ లేదన్నారు. మారిందల్లా ఆయన తిండి. ఇప్పుడు కంచంలో మెతుకు మిగల్చడం లేదు.

ఆ రోజు తిరిగి వస్తూ హాలియాలో చాయ్‌కి ఆగాం. ఉండబట్టలేక అడిగాను, "నిజంగ కనవడ్డదా నాయినా?" అని.

"ఇప్పుడేం లేదు. గప్పుడు జర సేపు కనవడ్డది. అది దుప్పిని పట్టినంక నేను ఇటు మర్లి నిన్ను గూడ సూసిన." చాయ్ గ్లాసు కోసం చెయ్యి తడుముతూ అన్నాడు, "నీ బొట్టుబిళ్ళ కనుబొమ్మ మీదికి జారింది బిడ్డా."

బండి అద్దంలో చూసుకున్నాను. నిజంగానే జారి ఉంది. పొద్దున్నుంచి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఇల్లు చేరేదాకా ఆ బొట్టుబిళ్ళను సరిచేసుకోవడానికి నాకు మనసు రాలేదు.