మైకు ఆగిపోయాక వినిపించిన మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. మా ఇంట్లో ఎవరికీ ఆ నమ్మకాలు లేవు. నాన్న అయితే, "బతికున్నవాళ్లతోనే వేగలేక చస్తుంటే, చచ్చినవాళ్లు కూడానా?" అని నవ్వేసేవారు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాన్న గుంటూరులో స్కూలు టీచరు. చర్చి మీటింగులకు బయటి దేశాల ప్రసంగీకులు వస్తే, పక్కనే నిలబడి వాళ్ల ఇంగ్లీషును అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారు. ఆ గొంతు విని ఊళ్లో ఫిల్మ్ క్లబ్బు వాళ్లు కూడా ఒకసారి ఆయన్ను పిలిచారు. అది కలల గురించిన బొమ్మల సినిమా. పిల్లలది కాదు. ఒకతను నిద్ర లేస్తాడు, లేచింది ఇంకో కలలోకేనని తెలుస్తుంది. దారిలో ఎదురైన ప్రతివాడూ మెలకువంటే ఏమిటి, చావంటే ఏమిటి అని వాదన పెట్టుకుంటాడు. నాన్న తెర పక్కన మైకు పట్టుకుని సినిమా మొత్తం తెలుగులో చెప్పారు.

చివర్లో అతను బస్సెక్కుతూ ఇంగ్లీషులో 'నేను వెళ్తున్నాను' అంటాడు. నాన్న దాన్ని "వెళ్లొస్తాను" అన్నారు. నేను ఇంగ్లీషు లెక్చరర్ని కదా, ఇంటికొచ్చాక పోట్లాట పెట్టుకున్నాను. అతను తిరిగి వచ్చేవాడు కాదు, అలా ఎలా చెబుతారని.

"తెలుగులో ఎవరూ వెళ్లరమ్మా, వెళ్లొస్తారు," అన్నారు నాన్న.

ఆయన రోజూ గడప దాటేటప్పుడు అమ్మతో "వెళ్లొస్తానోయ్" అనేవారు. అమ్మ ఏ గదిలో ఉన్నా "మంచిదండీ, వెళ్లిరండి" అనేది. ఒక్కరోజు తప్పింది. అమ్మ నర్సు, ఆ ఉదయం డ్యూటీలో ఉంది. నాన్న ఒంగోలు మీటింగుకని ఇంటికి తాళం వేసి బయల్దేరారు. చిలకలూరిపేట దాటాక బస్సులోనే గుండె ఆగిపోయింది.

అమ్మ ఏడుపంతా ఆ ఒక్క మాట మీదే. "చెప్పకుండా వెళ్లిపోయారే," అని కంచం ముందు కూర్చుని అదే అనేది. నేనేం చెప్పినా చెవికెక్కేది కాదు. మనిషి చిక్కి సగమైంది. ఈవిడ కూడా నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

ఆ ఏడే, సినిమా వచ్చి అయిదేళ్లయిందని క్లబ్బు వాళ్లు మళ్లీ వేస్తూ, ఈసారి నన్ను చెప్పమన్నారు. అమ్మను బలవంతాన వెంట తీసుకెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం. మిరపకాయల సీజను కావడంతో ఊరంతా ఘాటు, హాల్లో సగంమంది దగ్గుతూనే ఉన్నారు.

సినిమా చివరికొచ్చింది. బస్సు అలా కనిపించిందో లేదో కరెంటు పోయింది. తెర, మైకు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోయాయి. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు కాబట్టి పట్టపగలే చీకటి. నేను మైకు కింద పెట్టి, నోరు మూసుకుని నిలబడ్డాను.

తెర పక్కనుంచి, "వెళ్లొస్తానోయ్" అని వినిపించింది. గట్టిగా కాదు, గుసగుసగానూ కాదు. గడప దగ్గర అన్నట్టే ఉంది.

వెనక వరసలోంచి అమ్మ గొంతు వినబడింది. "మంచిదండీ, వెళ్లిరండి."

కరెంటు వచ్చాక సినిమాను కాస్త వెనక్కి జరిపి పెట్టారు. అతను బస్సెక్కి ఆ మాట అన్నాడు. నేను మైకు చేత్తో పట్టుకుని వెనక వరసలో అమ్మ వైపు చూశాను.

"ఇందాకే ఎవరో చెప్పేశారు కదండీ," అన్నాడు ముందు వరసలో ఒకాయన.

అప్పట్లో నాన్న చెప్పగా విన్నవాళ్లెవరైనా గుర్తుపెట్టుకుని అన్నారేమోనని అందరినీ అడిగాను. విన్నామన్నవాళ్లు చాలామందే, అన్నానన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పైగా నాన్న సినిమాలో చెప్పింది "వెళ్లొస్తాను" అనే. చివర ఆ "ఓయ్" మా ఇంటిది. అది హాల్లో ఎవరికి తెలుసు? పోనీ తెలియకుండా నేనే అన్నానా అంటే, అంత నిండు మగగొంతు నాకెక్కడిది?

ఆ పూట అమ్మ కడుపునిండా తిన్నది. మళ్లీ ఆ మాట తలుచుకుని ఏడవలేదు. పోనీలే, బతికించావు ప్రభువా అనుకున్నాను. పడుకునే ముందు వీధి గేటుకు గొళ్లెం పెట్టబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీవే. వెళ్లొస్తానన్నారుగా."

ఆ గేటుకు మేము ఇప్పటికీ గొళ్లెం పెట్టడం లేదు.