శనివారాల నల్ల కుక్క

నా ఉద్యోగానికి ఆర్డరు కాపీలో జంతు నియంత్రణ అధికారి అని పెద్ద పేరుంది. ఊళ్ళో మాత్రం నన్ను కుక్కల మేడమ్ అంటారు. కూరగాయల బండి దగ్గరా అంతే, మా చర్చిలోనూ అంతే. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆర్డరులో ఉన్న పేరుతో పిలిస్తేనే ఏ కంప్లయింటు మోసుకొచ్చారోనని గుండె గుభేలుమంటుంది.

మా షెడ్డు ఊరి చివర, కాలవ గట్టు దిగాక, చెత్త యార్డు వెనక ఉంటుంది. రేకుల కప్పు, వరసగా ఇనుప బోన్లు, పక్కన చిన్న ఆపరేషన్ గది. తణుకు వైపు వెళ్ళే చెరకు లారీ గట్టు మీద హారన్ కొడితే లోపల కుక్కలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మా పని చెప్పడానికి తేలికే. వీధి కుక్కను పట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, రేబిస్ టీకా వేయించాలి, గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరించాలి, కుట్లు మానాక ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి. ఆ చివరి ముక్క దగ్గరే ఊరికీ నాకూ చుక్కెదురు. తీసుకెళ్ళినదాన్ని మళ్ళీ తెస్తారేంటండీ అని నిలదీస్తారు. వాళ్ళ దృష్టిలో మా వ్యాను ఇంకో రకం చెత్త బండి.

కుక్కల్ని పట్టేది బాబాయి. నాకు చుట్టం కాదు, వయసుకి అలా పిలుస్తాను. గోదావరి మీద వేట చేసుకునే కుటుంబం వాళ్ళది. చేపలకి విసిరినట్టే కుక్కకీ వల విసురుతాడు, ఆ వల ఇంట్లో తనే అల్లుకుంటాడు. వలలో పడి గింజుకునే కుక్కతో, "అయిపోయిందమ్మా, అయిపోయింది, ఎల్లిపోదాం" అని వ్యాను దాకా మాట్లాడుతూనే ఉంటాడు.

ఆ నల్ల కుక్కని కాలవ లాకుల దగ్గర వీధిలో పట్టాం. ఒక్క తెల్ల వెంట్రుక లేని మగ కుక్క. ఆ వీధి తరఫున అర్జీ పెట్టింది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఎవరినైనా కరిచిందా అని అడిగితే, "కరవలేదమ్మా, కరిచేలా ఉంది" అన్నారు. తన స్కూటర్ వెంట పడుతోందట.

దాని ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లూ మానాయి. వెనక్కి తీసుకెళ్ళిన రోజు వ్యాను లాకుల వైపు మలుపు తిరగగానే అది లేచి నిలబడింది. వాసన పట్టిందేమో, కుయ్ కుయ్ అని చిన్నపిల్లలా ఏడుస్తూ తోక టపటపా రేకుకి కొట్టడం మొదలుపెట్టింది. బాబాయి నవ్వాడు. నేనూ నవ్వాను. వీధి మొదట్లోనే ఆడవాళ్ళూ మగవాళ్ళూ అడ్డంగా నిలబడి ఉన్నారు, ముందు మాస్టారు.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. చిన్నపిల్లలు తిరిగే వీధండి ఇది. ఇంకెక్కడైనా వదిలేయండి," అన్నారు, చేతులు జోడించి.

పట్టిన చోటే వదలాలన్న చట్టం చెప్పాను. టీకా వేశామనీ, ఇది ఉంటే కొత్త కుక్కలు రావనీ చెప్పాను. గొంతు పెంచి చెప్పాను, ఆఖరికి బతిమాలాను. ఎవరో వ్యాను టైరు ముందు రాయి పెట్టారు. తిరిగి వస్తుంటే అది వెనక జాలీలోంచి తన వీధిని చూస్తూనే ఉంది. 

తర్వాతి శనివారం పొద్దున మాస్టారు స్కూటర్ మీద మా షెడ్డుకి వచ్చారు. చేతిలో స్టీలు టిఫిన్ బాక్సు. కొంచెం సిగ్గుపడుతూనే విషయం చెప్పారు. వాళ్ళావిడకి డయాలసిస్ జరుగుతోంది. జాతకం చూపిస్తే, ఏలినాటి శని నడుస్తోంది, శనివారం శనివారం నల్ల కుక్కకి నువ్వుల నూనె రాసిన చపాతీ స్వహస్తాలతో పెట్టమన్నారట. వీధులన్నీ తిరిగారట, నల్ల కుక్క కనపడలేదట.

"కనపడదండీ," అన్నాను. "మీరే కదా పట్టించారు."

మేం లూథరన్లం. శని గురించి నాకు తెలిసిందల్లా ఆ రోజు నాకు సెలవు ఉండదని మాత్రమే. అయినా నాలో ఏదో ఆశ లేచింది. దగ్గరుండి బోను దాకా తీసుకెళ్ళాను. తను వెంటపడే ఆ స్కూటర్ మనిషిని నల్ల కుక్క ఇట్టే గుర్తుపట్టింది. ఒళ్ళంతా ఊపేస్తూ ఊచల మధ్య మూతి పెట్టింది. ఆయన చపాతీ అందించారు. అది నమలకుండానే మింగి, ఆయన చేతికంటిన నూనె కూడా నాకింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. అటూ ఇటూ బోన్లలో ఉన్న గోధుమరంగు కుక్కలు చొంగ కారుస్తూ చూశాయి. వాటికి ఏ గ్రహమూ లేదు పాపం.

ఇక ప్రతి శనివారం వచ్చేవారు. పెట్టేశాక కాసేపు నిలబడి, "ఆవిడకి కొంచెం నయంగానే ఉందమ్మా," అని బోనుకేసి చూసి చెప్పేవారు, కుక్కకి చెబుతున్నట్టు. ఈ మనిషి కరుగుతున్నాడు, ఇంకో వారం, ఇంకో రెండు వారాలు, తనే తీసుకెళ్తానంటాడు అని నేను బాబాయితో పందెం కూడా కాశాను. 

అప్పుడు జబ్బు వచ్చింది. ఎవరో పుణ్యాత్ములు కుక్కపిల్లల్ని గోనెసంచిలో కట్టి మా గేటుకి తగిలించి పోయారు. వాటికి డిస్టెంపర్ ఉంది, కుక్క నుంచి కుక్కకి అంటుకుని చంపే జబ్బు. కళ్ళ వెంట ముక్కు వెంట చీము, తర్వాత తల అదరడం, దవడలు ఖాళీగా నమలడం, అంతే. మాకు ఇచ్చేది రేబిస్ టీకా ఒక్కటే. డిస్టెంపర్ టీకా సొంత డబ్బుతో తెచ్చి నల్ల కుక్కకి వేయించాను. వేస్తూనే డాక్టరుగారు, "గాలిలో ఉంది కదండీ, ఇప్పటికే సోకి ఉంటే ఇది పనిచేయదు. ముందు ఇక్కణ్ణించి బయటికి పంపించండి," అన్నారు. బోను తర్వాత బోను ఖాళీ అవుతోంది. చివరి బోన్ల నుంచి జబ్బు దీని వైపు జరుగుతూ వస్తుంటే, ఫినాయిల్ బకెట్టు పట్టుకుని నిలబడటం తప్ప నాకు చేతకాలేదు. మా ఇంటికే తీసుకెళ్దును. అద్దె వాటాలో ఇప్పటికే రెండింటిని దాచినందుకు ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటున్నారు.

మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. లోపల మంచం మీద ఆవిడ దగ్గు వినిపిస్తోంది.

"మాస్టారూ, అక్కడుంటే అది చచ్చిపోతుందండి. మీ వీధిదే అది. ఇక్కడుంటే శనివారమేంటి, రోజూ పెట్టుకోవచ్చు. మీరు ఒక్క మాట అంటే వీధి వింటుంది."

ఆయన కప్పు కింద పెట్టారు. "నేనే రాసి సంతకాలు పెట్టించానమ్మా. ఇప్పుడు నేనే తెస్తే ఏ మొహం పెట్టుకుని తిరగమంటారు?" అన్నారు.

మర్నాడు తెల్లారగట్ల నేనూ బాబాయీ దాన్ని తీసుకెళ్ళి లాకుల దగ్గర వదిలేశాం. అది పరుగెత్తింది చూడండి, ఆ పరుగు నా కళ్ళలో ఇంకా ఉంది. ప్రతి గుమ్మం ముందూ ఆగి వాసన చూసి, టీ బడ్డీ కింద పాత చోటు వెతుక్కుని, చుట్టూ ఒకసారి తిరిగి పడుకుంది. నేను ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఈ ఒక్కదాన్ని ఎవరూ చూడకుండా చెయ్యి అని. ఆఫీసులు తెరిచే వేళకే పై అధికారి ఫోన్. వీధి వాట్సాప్ గ్రూపులో ఫొటోలు తిరిగాయి.

"చట్టం నాకూ తెలుసమ్మా. వార్డంతా వచ్చి నా ఆఫీసులో కూర్చుంది. ముందు దాన్ని తెచ్చేయండి," అన్నారు.

తెచ్చేశాం. వల అక్కర్లేకపోయింది. బాబాయి "రా నాన్నా" అని పిలవగానే తోకాడిస్తూ వచ్చి వ్యానెక్కేసింది, మళ్ళీ ఎక్కడికో మంచి చోటికి తీసుకెళ్తున్నామనుకుని. ఆ వ్యాను తలుపు వేసినంత కష్టమైన పని నా సర్వీసులో ఇంకోటి లేదు. దార్లో బాబాయి, "నీట్లోదాన్ని గట్టునెయ్యడం నా కులవృత్తేనండి మేడంగారూ. గట్టు మీదున్నదాన్ని ఇలా చెయ్యడం మాత్రం నా వల్ల కాట్లేదండి," అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

కొద్ది రోజులకే దాని కళ్ళలో పుసి కనపడింది. తర్వాతి శనివారం మాస్టారు పెట్టిన చపాతీని అది వాసన చూసి వదిలేసింది. ఆయన ముక్కలు చేసి పెట్టారు. బెల్లం అద్ది పెట్టారు. "తినరా, ఒక్క ముక్క తినరా నాయనా," అని ఆ సిమెంటు గచ్చు మీద, ఇస్త్రీ చొక్కాతో, గొంతుక్కూర్చున్నారు. ఎవరి కోసం బతిమాలుతున్నారో ఆయనకైనా తెలుసో లేదో. అది ఆయన మాట కోసం తోక మాత్రం ఊపింది.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం అది పోయింది. చివర్లో దవడలు ఆగకుండా ఆడుతుంటే బాబాయి తల ఒళ్ళో పెట్టుకుని, "అయిపోయిందమ్మా, ఎల్లిపోదాం" అన్నాడు. యార్డు వెనక గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం.

శనివారం స్కూటర్ చప్పుడు వినగానే నా ఒళ్ళు మండింది. చెప్పాల్సినవన్నీ వరసగా నోట్లోకి వచ్చాయి. మాస్టారు గేటు దాటి వచ్చారు. గడ్డం మాసి ఉంది, చొక్కాకి ఇస్త్రీ లేదు. కడిగిన ఖాళీ బోను చూశారు, నా మొహం చూశారు. బాక్సు మూత మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. 

"ఆవిడ మళ్ళీ ఆస్పత్రిలో ఉందమ్మా," అన్నారు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇంకో నల్లది ఏమన్నా ఉందాండి?"

నోట్లోకి వచ్చినవన్నీ అక్కడే ఆగిపోయాయి. ఉంది. ఈ మధ్యే పట్టినది, లేత వయసు. దాని వీధీ దాన్ని వద్దంది. జబ్బు ఇంకా దాని దాకా రాలేదు. దాని బోను వైపు ముందు నడిచాను. అది భయపడుతూ మూలకి నక్కింది. ఆయన వంగి ఊచల మధ్య చెయ్యి పెట్టి అలాగే ఉంచారు. కాసేపటికి అది వచ్చి, ఆయన్ని చూస్తూనే చపాతీ లాక్కుని తింది.

నాకు ఉండబట్టలేదు. "ఇది ఏ వీధిదో అడగరేంటండీ?" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. కొస కత్తిరించిన ఆ చెవినే చూస్తూ అన్నారు.

"అడిగితే నన్నే తీసుకెళ్ళమంటారు కదమ్మా."