మిర్యాలగూడలో ఇచ్చిన పాస్

మిర్యాలగూడ దాటేటప్పుడు ఇప్పటికీ బస్సు కిటికీ మూసేస్తాను. ఉప్పుడు బియ్యం ఉడికే పుల్లటి ఆవిరి, వేడి తవుడు వాసన కలిసి ముక్కుకు తగిలాయంటే చాలు, ఇంత వయసొచ్చినా అక్కడ ఇచ్చిన ఆ ఒక్క పాస్ గుర్తొస్తుంది. పక్క సీటువాళ్ళు దుమ్ముకు మూశాననుకుంటారు. అనుకోనీ.

ఎనభైల చివర్లో సూర్యాపేటలో మా బడి గ్రౌండంటే పల్లేరుకాయలు, ఎర్రదుమ్ము, రెండు వైపులా పాతిన వెదురు గుంజలు. వానాకాలం మడమలు దిగబడే బురద, ఎండాకాలం అరికాళ్ళు చుర్రుమనే నేల. సాయంత్రం గంట కొట్టగానే పుస్తకాల సంచులు గోడ కింద కుప్పపోసి, జేబుల్లో రేగుపండ్లు గలగలలాడుతుంటే ఫుట్‌బాల్ ఆటకు ఉరికేవాళ్ళం. మా డ్రిల్లు సారు లింగయ్యగారు నన్ను మిడ్‌ఫీల్డులో నిలబెట్టారు. వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకు అందించాలి. చిక్కేమిటంటే, నాకు దూరం కనిపించదు. నా కాళ్ళు, బంతి, మీదికొచ్చేవాడి మోకాళ్ళు తేటగానే ఉండేవి, ఆ పైన మనుషులంతా రంగు మరకలే. ఎవడెక్కడున్నాడో గొంతును బట్టి పట్టేవాణ్ణి. ముందు ఆడే నా దోస్తు యాదగిరి "హోయ్ మామో!" అని అరిస్తే చాలు, ఆ అరుపు వచ్చిన దిక్కుకు తన్నేవాణ్ణి, బంతి పోయి వాడి కాళ్ళ దగ్గర పడేది.

"సూడకుండనే ఇస్తడు సూడుండ్రి! వీని తలకాయెనుక గూడ కండ్లున్నయ్" అని సారు మురిసిపోతుంటే ఎక్కడ దొరికిపోతానోనని నాకు భయం. మా బడిలో కళ్ళద్దాలున్న ఒకే ఒక్క పిల్లవాణ్ణి ఆయనే "బంతి తగిల్తే కన్ను పోతది, కూసో బిడ్డా" అని నీళ్ళ కుండ దగ్గర కూర్చోబెట్టారు మరి. ఆ కుండ నాకు కలలోకి వచ్చేది.

ఇంట్లోనూ అదే భయం. అమ్మకు చదువు రాదు. మోతె ఊళ్ళో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పోవాలంటే బస్టాండులో బోర్డు చదవమని నన్నే అడిగేది. నేను బస్సు మూతి దగ్గరిదాకా ఉరికి చదివి వచ్చేవాణ్ణి. "నా కొడుకు ఎంత హుషారో సూడు" అని పక్కవాళ్ళకు చెప్పుకునేది పిచ్చితల్లి. హుషారా పాడా!

కోదాడ జట్టుతో ఆడినప్పుడు మాత్రం బెంగే లేకపోయింది. వాళ్ళ మాట అప్పటికే ఆంధ్రా వైపు ఒరిగి ఉండేది. "ఇటెయ్యరా, ఇటు!" అన్నవాడు వాళ్ళవాడు, "గిటియ్యి, గిటు!" అన్నవాడు మావాడు. గెలిచాం. ఆ ఆట చూసినవాళ్ళు నన్నూ యాదగిరినీ జిల్లా జట్టు ఎంపికకు మిర్యాలగూడ రమ్మన్నారు. ఆ ఒక్క పూట గట్టెక్కితే జిల్లా బనీను, బూట్లు. ఇక నన్ను కుండ దగ్గర ఎవరు కూర్చోబెడతారు?

దసరా సెలవుల్లో సారు వెంట నేనూ యాదగిరీ బస్సెక్కాం. బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు అమ్మ డబ్బాలో పెట్టి ఇచ్చింది. బస్సంతా నెయ్యి, బెల్లం వాసన, నా వంతు ముద్దలు కూడా యాదగిరే తిన్నాడు. తీరా దిగి చూస్తే గ్రౌండు పక్కనే రైస్ మిల్లు, నేల అదిరేలా ఒకటే మోత. ఇందులో ఎవడి గొంతు వినబడుతుంది? పైగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలందరినీ కలిపేసి రెండు జట్లు చేశారు. యాదగిరి అవతలి జట్టులో పడ్డాడు. కరెంటు పోయి ఆ మిల్లు ఆగాలని కనబడ్డ దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోతే ఒట్టు!

బంతి వచ్చినప్పుడల్లా చెవులు రిక్కించి నిలబడేవాణ్ణి, ఎవడో వచ్చి గుంజుకుపోయేవాడు. మావాళ్ళు తిడుతున్నారని తెలుస్తోంది, ఏ వైపు నుంచో తెలియడం లేదు. ఏడుపు తన్నుకొస్తోంది. అప్పుడు వినబడింది, ఆ మోతను చీల్చుకుంటూ, "హోయ్ మామో!"

ప్రాణం లేచొచ్చింది. ఆలోచిస్తే గదా! ఆ దిక్కుకు తన్నేశాను. అంత చక్కని పాస్ జన్మలో మళ్ళీ ఇవ్వలేదు. నేరుగా యాదగిరి కాళ్ళ ముందు పడింది. వాడు దాన్ని మా గోల్‌లోకే కొట్టాడు. వాడు పిలిచింది వాళ్ళ జట్టువాణ్ణి.

గ్రౌండంతా పడీపడీ నవ్వింది. యాదగిరి మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి నా చెవిలో అడిగాడు.

"నాకెందుకిచ్చినవ్ ర?"

"నువ్వే పిల్సినవ్ గద."

వాడు నా కళ్ళలోకి అట్లాగే చూసి, పోయి లింగయ్య సారును పిలుచుకొచ్చాడు. సారు కొంచెం దూరాన ఆగి చెయ్యెత్తి, "గివెన్ని ఏళ్ళు?" అన్నారు. నాకు చెయ్యే సరిగా ఆనలేదు, ఇక వేళ్ళెక్కడ?

"నాకెందుకు జెప్పలే బిడ్డా?"

"కుండకాడ కూసోబెడ్తరని, సార్."

సారు నా భుజం మీద వేసిన చెయ్యి బస్సెక్కేదాకా తీయలేదు. యాదగిరి జిల్లా జట్టుకు పోయాడు, నేను సారు వెంట కంటి దవాఖానకు పోయాను.

కళ్ళద్దాలను సైకిల్ ట్యూబు ముక్కతో తల చుట్టూ బిగించి సారే నన్ను మళ్ళీ గ్రౌండులోకి తోలారు. బంతి కాలికి అందగానే తలెత్తాను. రంగు మరకలు పోయి ముఖాలు వచ్చాయి. అన్నీ నా వైపే తిరిగి ఉన్నాయి, నాకియ్యి, నాకియ్యి అని ఆబగా. ఇన్నాళ్ళూ వీళ్ళంతా నన్నిట్లా చూస్తున్నారా! ఆ చూపుల మధ్యే ఇంటరు దాకా ఆడాను.

ఇప్పుడా బడి గ్రౌండులో ఫంక్షన్ హాలు లేచింది. లింగయ్య సారు లేరు. యాదగిరి ఏ పెళ్ళిలోనో కలిస్తే పదిమందిలో ఆ గోల్ ముచ్చట తీసి నా పరువు తీస్తాడు. మొన్న కంటి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ కట్టు విప్పి, దూరం బాగా కనిపిస్తోందా అని అడిగింది. కనిపిస్తోందన్నాను. గది చివర కుర్చీల్లో వరసగా కూర్చున్నవాళ్ళ ముఖాలన్నీ తేటగా కనిపించాయి. ఒక్కరూ నా వైపు చూడటం లేదు.