పెరుగన్నం దారి, ఆవకాయ దారి

మస్కట్‌లో చలి మొదలైన సంగతి నాకు ఫోను ద్వారానే తెలుస్తుంది. గురువారం డ్యూటీ నుంచి వచ్చి ఒక బూటు విప్పి, రెండోది విప్పేలోపు మోగుతుంది.

"అన్నా, రేపు సెలవు కదా. మా బాబుకి ఆరేళ్ళు, మా ఆవిడకి సైనసు, మా అమ్మకి నడుం నొప్పి. నాకేమో గడ్డం పెంచిన దగ్గర్నుంచీ సాహసాల మీదకి మనసు పోతోంది. అందరికీ పనికొచ్చే కొండ ఒకటి చెప్పు."

అలాంటి కొండని దేవుడింకా తయారు చెయ్యలేదంటాను. "చూసి చెప్పన్నా, నీకు తెలియనిదేముంది" అంటాడు అవతలివాడు. రెండో బూటు కాలికి ఉండగానే భోజనం ముగించి, దానితోనే నిద్రపోయిన రోజులున్నాయి.

ఈ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు. పగలంతా ఒక కంపెనీ స్టోర్సులో నట్లూ బోల్టులూ ఇచ్చి పుచ్చుకోవడం నా పని. చాలా ఏళ్ళ కిందట, మేముండే వాడి కబీర్ పేటలో మా బిల్డింగు తెలుగువాళ్ళందరినీ ఒక శుక్రవారం కొండ మీద ఖర్జూరపు తోటల్లో తిప్పి తీసుకొచ్చాను. ఎవరూ పడలేదు. అదే నా అర్హత. ఆ మర్నాటినుంచి ఒమన్ పర్వతాలన్నీ నా పేరున రాసిచ్చినట్టే అందరూ నన్నే అడగడం మొదలుపెట్టారు.

దారులకి నేను మూడు పేర్లు పెట్టుకున్నాను. తోటల్లో నీటి కాలవ గట్టున మెత్తగా సాగేది పెరుగన్నం దారి. పసిపిల్లలూ పథ్యం వాళ్ళూ పోవచ్చు. కాస్త ఎక్కి, కాస్త దిగి, మధ్యలో రెండుసార్లు కూర్చుని ఒమన్‌కి వచ్చిన రోజుని తిట్టుకునేది పులిహోర దారి. ఇక ఆవకాయ దారి అంటే ఒక పక్క గోడలాంటి కొండ, రెండో పక్క ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదు. ఆ లోయలోకి రాయి విసిరితే, అది అడుగుకి చేరేలోపు మన రెసిడెంట్ కార్డు రెన్యూ అయి చేతికొస్తుంది.

దారులు పంచడం తేలికే. వాటికి మనుషుల్ని పంచడమే నా ప్రాణం తీసింది. ఒకసారి మా బిల్డింగులో ఒక మేనేజరుగారికి పెరుగన్నమూ, ఆయన కింద పనిచేసే అబ్బాయికి ఆవకాయా ఇచ్చాను. కాళ్ళు చూసి ఇచ్చాను, వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఆయన ఆ చలికాలమంతా లిఫ్టులో నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. పెద్దాయన్ని పట్టుకుని పథ్యం పెట్టావా అని మిగతావాళ్ళూ నన్నే దులిపారు. దాంతో కాళ్ళు చూడటం మానేసి హోదా చూడటం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళకి ఆవకాయ ఇచ్చేవాణ్ణి. సగం దూరం పోయాక "నీళ్ళు అయిపోయాయి సార్" అని నేనే వెనక్కి తిప్పేవాణ్ణి. వాళ్ళ పరువు దక్కేది, నా నడుం పోయేది.

ఈ పంపకంలో ఏమీ దక్కనిది మా ఆవిడకి. మోకాలు అరిగిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడకి పెరుగన్నం కూడా లేదు. మూడు చలికాలాలుగా కారు పక్కన చాప వేసుకుని, భోజనం గిన్నెలకి కాపలా కూర్చుంటోంది. వెళ్ళొచ్చిన వాళ్ళంతా జెబెల్ షమ్స్ కొండ మీద లోయ అంచున ఒక పాడుబడ్డ ఊరుందనీ, రాతిచూరు కింద ఇళ్ళున్నాయనీ, పొయ్యిల మసి ఇంకా గోడలకి అంటుకునే ఉందనీ చెప్పేవాళ్ళు. వాళ్ళకి వడ్డిస్తూనే ఆవిడ అడిగేది: "అంత ఎత్తున, నీళ్ళెక్కణ్ణుంచి తెచ్చుకునేవాళ్ళు?" ఎవరికీ తెలియదు. అందరూ అక్కడ ఫోటోలు తీసుకుని వచ్చినవాళ్ళే.

ఆపరేషన్‌కి డేటు తీసుకోమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పినప్పుడు, కారులోకి వచ్చి కూర్చున్నాక మా ఆవిడ అంది: "కోశాక ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. ఈ కాలుతోనే నేను ఆ ఊరు చూడాలి. ఆ తర్వాత ఏం చేస్తారో చేసుకోండి."

సరే అన్నాను. అన్న వారానికే వియ్యంకుడుగారూ వియ్యపురాలుగారూ విజిట్ వీసా మీద దిగారు.

మా వియ్యంకుడుగారిది కోనసీమ. కొబ్బరిచెట్టుని మించిన ఎత్తు లేని దేశం. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తారట. ఆ నడక గురించి చెప్పడానికి ఆయనకి నడకకంటే ఎక్కువసేపు పడుతుంది. మా అమ్మాయి ముందే ఫోన్ చేసి, "నాన్నా, నీ వేళాకోళాలు మా మామయ్యగారి దగ్గర కాస్త తగ్గించు" అని హెచ్చరించింది. నేను నోరు కట్టుకుని, ఉప్మా ముందు చాలా మర్యాదగా అన్నాను:

"బావగారూ, రేపు మిస్ఫా తోటలకి వెళ్దామా? చల్లగా ఉంటుంది. పెరుగన్నం లాంటి దారి."

బల్ల కింద మా ఆవిడ కాలు నా కాలిని తన్నింది. అరిగిన మోకాలితో అంత బలంగా తన్నవచ్చని డాక్టర్లకి తెలియదు.

వియ్యంకుడుగారు చెంచా కింద పెట్టారు. "పెరుగన్నమా? మరీ అంత తీసిపారేశారేంటండీ బావగారూ! మా ఊళ్ళో నన్ను పెరుగన్నం అన్నవాడు లేడు."

"అబ్బే, మీరేమిటి, పెరుగన్నమేమిటి! ఆవకాయకే పోదాం, జెబెల్ షమ్స్ మీది పాడుబడ్డ ఊరికి."

నా నోటి నుంచి మాట జారాక గానీ దాని అర్థం నాకు తెలియలేదు. మగవాళ్ళిద్దరం కొండ మీదకి పోతే, వియ్యపురాలుగారి పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఇంటికొచ్చిన వియ్యపురాల్ని కారు దగ్గర ఒంటరిగా వదలడం మా వైపు ఘోరం. కూర్చునేదెవరో చెప్పక్కర్లేదు. మా ఆవిడ నాకు ఇంకాస్త ఉప్మా వేసింది. నేను అడగలేదు. ఆ ఉప్మా కొండంత ఉంది.

మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళిన డ్రైవరు భాయ్‌ది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. ఆ ఎగుడుదిగుడు మట్టిరోడ్డు మీద బండి నడుపుతూ మధ్యమధ్య వెనక్కి తిరిగి "బాగుండాదా సార్ రోడ్డు?" అని అడిగేవాడు. నా జవాబు దవడల్లో ముక్కలైపోయేది.

కొండ కొసన బండి ఆగింది. కాలిబాట మొదట్లో మేకలు మా కోసమే ఎదురుచూస్తున్నట్టు వచ్చాయి. ఒకటి వియ్యంకుడుగారి కొత్త బూటు తాడుని రుచి చూసి, కోనసీమ సరుకే అని నిర్ధారించుకుని వదిలేసింది. మా ఆవిడ చాప దించబోయింది. దాన్ని వియ్యపురాలుగారు లాక్కున్నారు.

"మీరెళ్ళి రండి వదినగారూ. ఆ బూట్లు చాప మీద కూర్చోడానికా వేసుకొచ్చారు? రాత్రంతా చూస్తూనే ఉన్నాను, బూట్లు తుడవడం, పెట్టడం, మళ్ళీ తియ్యడం."

"మీరొక్కరూ..."

"ఒక్కదాన్నేంటండీ, ఇన్ని మేకలున్నాయి. ఈయనకి ముప్ఫయ్యేళ్ళు కాపలా కాశాను, గిన్నెలకి కాయలేనా? పదండి."

మా ఆవిడ చేతికర్ర తీసుకుని బయల్దేరింది. మర్యాదలన్నీ అంత తేలిగ్గా తేలిపోతాయని తెలిస్తే, నేను రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకునేవాణ్ణి కాదు.

నిజానికి ఆ దారిలో ఎక్కుడు తక్కువే. రాళ్ళ మీద వేసిన పసుపు, తెలుపు, ఎరుపు చారలు చూసుకుంటూ లోయ అంచున పోవడమే. కాళ్ళకి పులిహోరే. కళ్ళకి ఆవకాయ. ఈ తేడా నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. అందరి మోకాళ్ళూ అడిగాను, నడుములు అడిగాను, బీపీ అడిగాను. కిందికి చూస్తే ఏమవుతుందని ఒక్కరినీ అడగలేదు.

మొదటి మలుపు దాటగానే కొండ పక్కకి తప్పుకుని లోయంతా ఒక్కసారి బయటపడింది. వియ్యంకుడుగారు కూర్చున్నారు.

"బూటులో రాయి పడింది బావగారూ."

బూటు విప్పారు. దులిపారు. రాయి లేదు. తొడుక్కున్నారు. మళ్ళీ విప్పారు. రెండో బూటులోనూ రాయి పడింది. ముఖం కొండగోడకి పెట్టి, రెండు చేతులతో గోడని పట్టుకుని, ఆ లేని రాళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా దులుపుతున్నారు. చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. గాలి మాత్రం ఎముకలు కొరుకుతోంది.

మా ఆవిడ చూసింది. నాకంటే ముందే అర్థమైంది. ఆగి, నాతో మెల్లిగా అంది: "మీరు అన్నయ్యగారి దగ్గర కూర్చోండి. నేను భాయ్‌తో వెళ్ళొస్తాను."

"నీ కాలు..."

"నా కాలు సంగతి నాకు తెలుసు. అది రమ్మంటేనే పోతాను."

"యేం కాదులే సార్" అన్నాడు భాయ్. "అమ్మను నేను నిదానంగా పిల్చుకోని పోతా. నొస్తాదంటే తిరుక్కుందాం. కొండ యాడికీ పోదు."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఆయన పక్కన గోడకి ఆనుకుని కూలబడ్డాను. చాలా ఏళ్ళుగా కొండల మీద ఇంతసేపు కూర్చోలేదు. ఎప్పుడూ ఎవరి వెనకాలో పరిగెత్తడమే, ఎవరి సంచో మొయ్యడమే. ఒంట్లో ఎంత అలసట పోగుపడి ఉందో కూర్చుంటే గానీ తెలియదు. అది ఆ లోయంత ఉంది, నాలుగు మేకలు మేయొచ్చు అందులో.

కొంతసేపటికి వియ్యంకుడుగారు గోడతోనే మాట్లాడినట్టు అన్నారు: "మా ఇంటి డాబా మీద నీళ్ళ ట్యాంకుందండీ. అది నిండిందో లేదో చూడ్డానికి మా ఆవిడే ఎక్కుతుంది. నేను కింద నుంచి అడుగుతాను."

నా నోటి చివరిదాకా ఒక వేళాకోళం వచ్చింది. మంచి వేళాకోళమే, ఇప్పటికీ గుర్తుంది. మింగేశాను.

"నిన్న ఉప్మా దగ్గరే చెప్పాల్సింది బావగారూ."

"ఎలా చెబుతానండీ? కొడుకుని ఇచ్చినవాణ్ణి."

నేను కూడా కూతుర్ని ఇచ్చినవాణ్ణి కాబట్టే కదా ఆవకాయ వడ్డించాను.

దారి లోయ వెంట వంపు తిరిగి అవతలి గోడ మీద కనిపిస్తుంది. అక్కడ భాయ్ తెల్లచొక్కా కనపడింది, దాని వెనక మా ఆవిడ ఆకుపచ్చ చున్నీ. చీమంత ఉంది మనిషి. ఆగింది. రాయి మీద కూర్చుంది. మోకాలు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. భాయ్ కూడా కూర్చున్నాడు.

"అయిపోయింది, తిరిగొచ్చేస్తుంది" అన్నాను. రావాలని అన్నానో, రాకూడదని అన్నానో నాకే తెలియలేదు. వచ్చేస్తే ఆ మోకాలు నిలుస్తుంది. వచ్చేస్తే ఆ ఊరు ఇక ఎప్పటికీ వేరేవాళ్ళ ఫోటోల్లోనే ఉంటుంది.

వియ్యంకుడుగారు తల తిప్పకుండానే అడిగారు: "చెల్లెమ్మ లేచిందాండీ?"

"లేదండీ."

ఇంకా కాసేపటికి: "ఇప్పుడో?"

"కర్ర అందుకుంది... లేచిందండీ." "అటే పోతోంది. ఊరు వైపే."

"పోనీయండి" అన్నారాయన గోడకి.

చున్నీ మలుపు తిరిగి కనుమరుగైంది. ఆ తర్వాత మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. ఆమె తిరిగి వచ్చేసరికి మా నీడలు చోటు మారాయి, నా కాళ్ళు రాళ్ళయ్యాయి. నడక చూడగానే తెలిసింది, మోకాలు వాచిపోయింది. ముఖం మాత్రం పెళ్ళివారింటినుంచి వచ్చినట్టుంది.

"నీళ్ళు మొయ్యనే అక్కర్లేదండీ!" దూరం నుంచే అరిచింది. "ఇంటి వెనకే కొండలోంచి కారుతున్నాయి. రాయి కింద గుంట కట్టుకున్నారు. నేను ముఖం కడుక్కున్నాను. మన ఫ్లాటు కొళాయికంటే నయం."

"అమ్మ ఆడ్నే కూర్చుండిపోయినాది సార్" అన్నాడు భాయ్. "రాదేమో అనుకున్యా."

బండి దగ్గరికి చేరడమే అసలు కష్టమైంది. ఆవిడ కాలు మోపలేకపోతోంది, ఆనుకోడానికి భుజం కావాలి. నేను లేవబోతే నా నడుం పట్టేసింది. అప్పుడు వియ్యంకుడుగారు గోడని వదిలారు. కళ్ళు తన బూట్ల మీదే పెట్టుకుని, "రా చెల్లెమ్మా, నా భుజం పట్టుకో. నువ్వు అంచు వైపుండు, నేను గోడ వైపుంటాను. నాకు నువ్వు అడ్డం, నీకు నేను ఊతం" అన్నారు. అలా ఒకరినొకరు పట్టుకుని వాళ్ళు ముందు, సీసాలు మోసుకుంటూ నేను వెనక.

చాప దగ్గర వియ్యపురాలుగారు మొగుడి ముఖం చూసి అడిగారు: "ఊరు చూశారా?"

నేను ఏదో నీళ్ళ కథ అల్లబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"చెల్లెమ్మ చూసిందే. నేను గోడ చూశాను. మంచి గోడ."

ఆవిడ నవ్వలేదు. ఆయన వీపున అంటిన దుమ్ము దులిపి కంచం చేతికిచ్చారు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ వెనక సీట్లో కాళ్ళు నా ఒడిలో పెట్టుకుని, రాతిగుంట ఎంత లోతు, అరుగు ఎంత ఎత్తు, పొయ్యి ఏ మూల అని వియ్యపురాలుగారికి చెబుతూనే ఉంది. బహ్లా ఊరి దీపాలు కనపడేసరికి గొంతు తగ్గింది. "రేపు ఫోన్ చేసి డేటు తీసుకోండి" అంది నాతో. అని నిద్రపోయింది. వాచిన మోకాలి బరువుకి నా తొడ తిమ్మిరెక్కి, నాది కాకుండా పోయింది. భాయ్ అద్దంలోంచి "బండి ఆపాల్నా సార్?" అని అడిగాడు. వద్దన్నట్టు తల ఊపి, కదలకుండా కూర్చున్నాను.