పన్నెండో నంబరు గుడ్డు

ప్రతి వేసవిలోనూ ఒక పొద్దున నా డైరీలన్నిటినీ అలమారా నుంచి దించి, డాబా మీద పాత దుప్పటి పరిచి, సంవత్సరాల వరుసలో ఎండకు పెడతాను. రైల్వే ఆఫీసులో రికార్డుల గది చూసుకుంటూ ఉద్యోగమంతా గడిపినదాన్ని కనుక, కాగితానికి ఎండ ఎంత అవసరమో, ఎంత దాటితే చేటో నాకు తెలుసు. ఈసారి వరుసలో రెండోదాన్ని, నేను ఏడో తరగతి చదివిన ఏటి నీలం అట్ట డైరీని తిరగేస్తుంటే, నడుమ పేజీల్లోంచి సన్నటి ఊక పొట్టు రాలి ఒళ్ళో పడింది. దానితోపాటు ఒక వాసన కూడా లేచింది. ఊకది కొంత, బూడిదది కొంత, పొదిగే కోడి రెక్కల కింద మాత్రమే ఉండే ఆ వెచ్చదనానిది కొంత. కాసేపు మెట్రో రైలు చప్పుడు కూడా నాకు వినపడలేదు.

అది ఎనభైల మొదలు. ఉప్పల్‌లో ఒక పెంకుటింటి వెనక భాగంలో రెండు గదులు మావి. నాయిన నాచారంలో ఒక కంపెనీలో ఫిట్టరు. అమ్మది ఘట్‌కేసర్ అవతల పల్లె. నేను, నా తర్వాత తమ్ముడు. వానలు వెనకబట్టి, ఎండ పలచబడి, సీతాఫలాల గంపలు వీధి మొదట్లో దిగే రోజుల్లో గడ్డి మడుల మీదుగా పచ్చి వాసనతో మంచు వచ్చి మా వాకిట్లో తీగ మీది బట్టలను తడిపేది. ఇటుక ముక్కతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్ళు, చిర్రగోనె దెబ్బకు లేచే దుమ్ము, నాచారం వైపు నుంచి మూడు పూటలా వినపడే కంపెనీ సైరను, ఆ సైరనును బట్టి పొయ్యి మీదికి ఎసరు ఎక్కించే అమ్మ, ఇవన్నీ ఒకే పొడుగాటి మధ్యాహ్నంలో జరిగినట్టు ఇప్పుడు తోస్తుంది. నాయినకు కంపెనీలో ఏటా ఒక డైరీ ఇచ్చేవాళ్ళు. ఆయనకు రాసే పని లేదు. ఆరో తరగతి నుంచి అవి నావయ్యాయి.

మాకు ఒకే కోడి. నల్లటి ఒంటి మీద తెల్లటి పొడలు, అందుకే దాన్ని పొడది అనేవాళ్ళం. ఆ ఎండాకాలం తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి దవాఖానాలో పడుకోబెట్టినప్పుడు, బట్టల కోసం ఇంటికి వచ్చిన అమ్మ పొడదాన్ని పట్టుకుని, తల మీద చెయ్యి పెట్టి, బాబు లేచి తిరిగితే నిన్ను కోత పండుగకు దేవునికి ఇస్తానని చెప్పింది. తమ్ముడు లేచాడు. కోత పండుగ అంటే మా నాచారం గుడిలో, అంటే చర్చిలో, ఏడాదికొకసారి వచ్చే సంబరం: ఎవరికి కలిగింది వాళ్ళు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు తెచ్చి దేవుని ముందు పెడితే, ఆరాధన అయ్యాక వాటిని చెట్టు కింద వేలం వేసేవాళ్ళు; ఆ తర్వాత అందరికీ బగారన్నం.

దసరా సెలవులు అయిపోయిన వారంలో పొడది గూటిలోంచి లేవడం మానేసింది. చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి బుస కొట్టింది. పొదగడానికి వచ్చిందని అమ్మ మొహం వెలిగింది, వెంటనే ఒక సందేహం వచ్చి ఆగింది.

"సుగుణా, నిరుడు కోత పండుగ ఎప్పుడైంది? నీ బుక్కుల సూడు జర."

నేను మొదటి డైరీ తెచ్చి, పేజీలు తిప్పి, నవంబరు ఆఖరి ఆదివారమని గట్టిగా చదివాను. అంత ముఖ్యమైన ప్రశ్న ఒక పెద్ద మనిషి నన్ను అడగడం అదే మొదటిసారి.

"అయితె మస్తు టైమున్నది. పిల్లలు గూడ రెక్కలకస్తయ్," అంది అమ్మ.

గురువారం పొద్దున ఈత గంపలో బూడిద చల్లి, దాని మీద ఊక పోసి, నడుమ గుంట చేసి, ఉరుములకు గుడ్లు చెడిపోకుండా ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు లోపల దాచి, పదకొండు గుడ్లు పెట్టింది. గుడ్లు బేసి లెక్కన ఉండాలి. ఏ రోజున పెడితే మూడు వారాలకు అదే రోజున పిల్లలు. నేను ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో నంబరు వేశాను.

"గుడ్లకు నంబర్లేందే, బస్సులా అవి?" అని అమ్మ నవ్వింది.

మర్నాడు కోడి గోరు తగిలి ఏడో నంబరు పగిలింది. లెక్క సరిసంఖ్య అయింది కాబట్టి శనివారం ఇంటి ఓనరమ్మ దగ్గర ఒక గుడ్డు అడిగి తెచ్చి, పన్నెండని నంబరు వేసి, నేనే పొడదాని కిందికి తోశాను. ఆ తర్వాత వారం రోజులూ నా డైరీలో బడి లేదు, పాఠం లేదు, పొడదే ఉంది. రోజుకొక్కసారి, మధ్యాహ్నం సైరను కూసే వేళకు అది గంప దిగి, గబగబా నూకలు తిని, నీళ్ళు తాగి, గోడ పక్క మట్టిలో రెక్కలు విదిలించుకుని, మళ్ళీ ఎక్కి, ముక్కుతో ఒక్కో గుడ్డునూ తిప్పుకుంటూ సర్దుకునేది. రెప్పలు కిందినుంచి పైకి మూసుకునేది. దాని పక్కన కూర్చుంటే నాకూ నిద్ర వచ్చేది; ఊక వాసనలో, సగం చీకట్లో, గంప ఊపిరి తీస్తున్నట్టుండేది.

రెండో ఆదివారం గుడిలో అయ్యగారు, అంటే మా పాదిరిగారు, ప్రకటనల కాగితం విప్పి, వచ్చే ఆదివారమే కోత పండుగ అన్నారు. ఆయన కింద ఆరు గుళ్ళున్నాయి. వారానికొక గుడిలో పండుగ చేస్తారు. నిరుడు మాది చివర పడింది, ఈసారి మొదట పడింది. నిరుడు జరిగింది ఈ ఏడూ అలాగే జరుగుతుందని డైరీ నాతో చెప్పలేదు. నేనే చెప్పాను. ఇంటికి వచ్చి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పండుగ నాటికి పదిహేడు రోజులవుతాయి. ఇంకా నాలుగు కావాలి.

నాయిన తేలిగ్గా తీసుకున్నాడు. "వేరే కోడిని తెస్త తియ్. దేవునికి ఏ కోడైతేంది?"

"దేవునికి ఏదైన ఒకటే గావచ్చు. నాకు గాదు. దీని తల మీద చెయ్యి వెట్టి చెప్పిన."

"మరి గుడ్లో?"

అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. "తల్లితోనే పోతయ్," అంది చివరికి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఆదివారం పొద్దున అమ్మ గంపను గంపలాగే నెత్తిన పెట్టుకుని, పైన పాత చీర ముక్క కప్పి, ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచింది. ఒక్క అడుగు తూలకుండా, నీళ్ళు నిండిన బిందె మోసినట్టు. పక్కన నాయిన సైకిల్ తోసుకుంటూ, ముందు తమ్ముడు దారిలోని రాళ్ళు కాలితో పక్కకు నెడుతూ, వెనక నేను డైరీ పట్టుకుని. గుడిలో మిగతా కోళ్ళు కాళ్ళు కట్టేసి ఉన్నాయి, పాట మొదలైతే చాలు అవీ అందుకునేవి. కంకుల పచ్చి వాసన, పండిన అరటిపళ్ళ వాసన, కొబ్బరినూనె తలల వాసన కలిసి కిటికీ ఎండలో తేలుతుంటే, వాటన్నిటి మధ్య పొడది రెప్ప మూసుకుని, ప్రసంగం అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

వేలం వేసేది దానియేలు తాత, రైల్వేలో గార్డు చేసి రిటైరైన మనిషి. బండికి పచ్చజెండా ఊపినట్టే చెయ్యి ఊపేవాడు. గంప మీది గుడ్డ తీసి, "సూడున్రి, కోడి ఒక్కటే, బేరం మాత్రం పన్నెండు పానాలకు!" అన్నాడు. అందరూ నవ్వారు. చెయ్యెత్తినవాడు సాల్మన్ మామ. ఆయన వెల్డింగు పనిచేసే లావుపాటి మనిషి. ప్రతి కోత పండుగకూ ఒక కోడిని పాడుకుంటాడు, సాయంత్రం నాలుగయ్యేసరికి ఆయన ఇంటి ముందు నుంచి వెళ్ళే వాళ్ళందరికీ మసాలా వాసన తగులుతుంది. ఆయనతో పోటీపడి ఎవరూ పాడలేదు. నాయిన చెయ్యి కొంచెం లేవబోయింది. "ఇచ్చినదాన్ని మనమే మళ్ల తెచ్చుకుంటమా?" అని అమ్మ మెల్లగా అంటే దిగిపోయింది.

నేను జనంలోంచి వెళ్ళి ఆయన ముందు డైరీ తెరిచి పట్టుకున్నాను.

"మామా, గురువారం దాక కొయ్యకు."

ఆయన పేజీ మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ నంబర్లన్నీ చదివి, తల ఎత్తాడు. "ఓ దానియేలు తాతా, ఈ పోరి గుడ్లకు హాజరు వేస్తున్నదే!" మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే వంగి పొడదాన్ని ఎత్తబోతే, అది ఆయన బొటనవేలు మీద ఒక్క పోటు పొడిచింది. ఆయన వేలు నోట్లో పెట్టుకుని కాసేపు దాన్నే చూశాడు. "సరే తియ్, ఈడనే ఉండనియ్. గురువారం దాక."

గురువారం తర్వాత ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గంపను గుడి వెనక గదిలో, చాపల చుట్టలకూ పాత హార్మోనియానికీ మధ్య పెట్టారు. నాలుగు సాయంత్రాలు బడి విడిచాక అక్కడికి వెళ్ళి నూకలు, నీళ్ళు పెట్టాను. గురువారం తలుపు తీసేసరికి గది నిండా సన్నటి కిచకిచ. రెక్కల సందుల్లోంచి తలలు బయటికి వస్తూ, మళ్ళీ లోపలికి పోతూ, తడి ఆరిన నూగుతో తొమ్మిది పిల్లలు. మొదటి రోజు పిల్లలకు ఏమీ పెట్టకూడదని అమ్మ చెప్పింది కనుక కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసి, అవి మునగకుండా గులకరాళ్ళు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

శుక్రవారం సాయంత్రం సాల్మన్ మామ వేరే గంప తెచ్చాడు. అప్పటికే పొడది గూడు దిగి పిల్లలను వెంటేసుకుని తిరుగుతోంది. "మామా, కోస్తవా?" అని అడిగేశాను. "పిల్లల కోడిని ఎవడన్న కోస్తడా? పిచ్చిదానా," అని, ఊకలో మిగిలిన రెండు గుడ్లను చూసి, "ఇవి మురిగినయ్, పడెయ్ బిడ్డా," అని తల్లినీ పిల్లల్నీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఒకటి నాలుగో నంబరు, మురిగిందే. రెండోది పన్నెండు. దాని గడువు శనివారమని నా పేజీలో ఉంది. లంగా కుచ్చిళ్ళలో చుట్టుకుని ఇంటికి పరుగెత్తాను. అమ్మ గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో దాన్ని మెల్లగా వదిలింది. గుడ్డు తేలి, నిలబడి, ఉన్నట్టుండి దానంతటదే ఊగింది. నీళ్ళ మీద చిన్న వలయాలు లేచాయి. లోపల పిల్ల బతికే ఉంది. నాయిన పాత టిఫిన్ డబ్బాలో గంపలోని ఊకే నింపి, గుడ్డు పెట్టి, ఆరీ ఆరని పొయ్యి పక్కన ఉంచాం. చెవి ఆనిస్తే లోపల ఎవరో గోటితో గీరుతున్నట్టు, మధ్యమధ్య సన్నటి పిలుపు. మర్నాటి పేజీలో "బడికి పోలేదు" అని మాత్రమే ఉంది, కారణం రాయలేదు. పొద్దున పెంకు మీద నక్షత్రంలా చిట్లింది. నేను గోరు పెట్టబోతే, "చెయ్యి వెట్టకు, అదే రావాలె," అంది అమ్మ. మధ్యాహ్నం సైరనుకు అది వచ్చింది. తడిగా, నల్లగా, కుడికాలి నడిమి వేలు లోపలికి వంకరగా.

సాయంత్రానికి అది నా అరచేతిలో నిద్రపోవడం నేర్చుకుంది.

"పొద్దుగూకుతున్నది. ఇచ్చి రా," అంది అమ్మ.

"పడెయ్యమన్నడు గదా మామ!"

"పడెయ్యమన్నది మురిగిన గుడ్డును. ఇది పిల్ల."

నాయిన సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని, పిల్లను రెండు చేతుల మధ్య పెట్టుకుని ఏడుస్తూ వెళ్ళాను. సాల్మన్ మామ పొడదాని రెక్క ఎత్తాడు. నేను తొమ్మిదింటి పక్కన పదోదాన్ని పెట్టాను. చీకటి పడ్డాక కోడికి లెక్క తెలియదట. అది రెక్క దించుకుంది. ఆ రోజు చివర "పన్నెండో నంబరు: ఇచ్చేశాను" అని రాసి ఉంది.

మరుసటి ఏడు కోత పండుగకు సాల్మన్ మామ ఎన్నడూ లేనిది కోడిని పాడుకోవడానికి కాక ఇవ్వడానికి తెచ్చాడు. నల్లటి పెట్ట, తెల్లటి పొడలు. దానియేలు తాత పైకి ఎత్తి చూపించినప్పుడు కుడికాలి నడిమి వేలు వంకరగా కనిపించింది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఇది మేమిచ్చినది కాదు, మామ ఇచ్చినది. వేలంలో ఎప్పుడూ నోరు విప్పని నాయిన చెయ్యెత్తాడు. అందరూ అలవాటుగా సాల్మన్ మామ వైపు తిరిగారు. ఆయన మెడ వెనక్కి వాల్చి, చెట్టు కొమ్మల్లో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు, దానియేలు తాత మూడోసారి చెయ్యి దించేదాకా.

ఇప్పుడు ఆ గుడి రెండంతస్తుల హాలు. వేలం వేసిన చెట్టు చోట కార్లు నిలుపుతారు. హార్మోనియం గదిలో జనరేటరుంది. కోత పండుగకు డబ్బు పెట్టిన కవర్లు ఇస్తారు, పోయినేడు నేనూ కవరే ఇచ్చాను. సాల్మన్ మామ లేడు, దానియేలు తాత లేడు, అమ్మా నాయినా లేరు. ఉప్పల్‌లో సైరను కూయదు.

డైరీలు లోపల సర్దాక, నిన్న దుకాణం నుంచి తెచ్చిన గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టబోతూ, అలవాటుగా పెన్సిలుతో నంబర్లు వేశాను. ఒకటే తెలుపు, ఒకటే సైజు, పొదగేసినా పిల్లలు రాని గుడ్లు. పన్నెండోదాన్ని పక్కన పెట్టి, గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా కాచి, మెల్లగా అందులో వదిలాను. అది అడుగుకు పోయి కదలకుండా పడుకుంది. నీళ్ళు చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.