బ్లాసిదా కాపాడిన నకలు

మా వియార్రికా ఊళ్లో మధ్యాహ్నం కునుకు తీస్తున్న మనిషిని లేపితే అయినవాళ్లు కూడా మొహం చాటేస్తారు. బ్లాసిదా అయితే ఆ కాసేపూ ఫోను కూడా కట్టేసేది. మా డయాలిసిస్ కేంద్రంలో కంప్యూటర్ల బాధ్యత ఆవిడదే. ఇరవై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, అది మూతపడ్డాక నలభై దాటిన వయసులో ఈ విద్య నేర్చుకుంది. చాదస్తం పాలు ఎక్కువ. రోగుల వివరాలన్నీ ఉండే, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్‌కి రోజూ ఒంటిగంటకి దానంతటదే స్నాప్‌షాట్ తీసేలా పెట్టింది. అంటే ఆ క్షణాన మెషిన్ ఎలా ఉందో అలాగే మొత్తం నకలు. ఏదైనా పాడైతే ఆ నకలు దగ్గరికి వెనక్కి వెళ్లొచ్చు. డిస్కులో చోటు లేక ఒక్కటే నిలిచేది, కొత్తది రాగానే పాతది చెరిగిపోయేది. ఇంకో డిస్కు కొనమని ఏడాదిగా మేనేజరు వెంటపడుతోంది. నకలు పూర్తయ్యేదాకా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని తలుపుకి కాగితం అంటించింది. ఆ కాగితం మీద అందరికన్నా ఎక్కువ వెటకారం చేసింది నేనే, నర్సు నిమియాని.

ఆ సోమవారం, మార్చి నెలాఖరులో, నెరి అనే కుర్రాడు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించడానికి వచ్చాడు. నకలు అయిపోయి ఉంటుందని ఒంటిగంటంబావుకి మొదలుపెట్టాడు. పావు తక్కువ రెండుకల్లా తెర ఖాళీ. రోగుల పేర్లు కూడా లేవు. రెండున్నరకి పన్నెండు మంది వచ్చి మంచాలెక్కుతారు.

"కంగారుపడకక్కా, ఒంటిగంట నకలుందిగా," అంటూ వెతికాడు. ఉన్నది నిన్నటిదే. "ఇదేంటి? దీని గడియారం పన్నెండూ నలభై ఏడు చూపిస్తోంది!"

ఏటా మార్చిలో, మాకు వేసవి అయిపోగానే, ప్రభుత్వం చెప్పినట్టు గడియారాలు గంట వెనక్కి తిప్పుకునేవాళ్లం. ఈసారి దేశమంతా ఆ అలవాటు మానేసింది. ఆ కబురు ఆ పాత మెషిన్‌కి ఎవరూ చెప్పలేదు, అది మామూలుగానే నిన్న తిప్పేసుకుంది. ఇంకో పదమూడు నిమిషాల్లో దానికి ఒంటిగంటవుతుంది. ఈ ఖాళీ మెషిన్‌కి నకలు తీసి, నిన్నటి మంచి నకలుని చెరిపేస్తుంది.

"కరెంటు పీకెయ్!" అన్నాను.

"పీకితే ఉన్న నకలు కూడా పాడవ్వచ్చక్కా. ఆపడానికి పాస్‌వర్డ్ ఆవిడ దగ్గరే ఉంది."

వెనక వీధిలో బ్లాసిదా ఇంటికి పరిగెత్తి, ఆవిడ పడుకున్న గది కిటికీ తలుపులు బాదాను.

"ఎవరే అది? కొంపలంటుకున్నాయా?"

"అంటుకున్నాయి! నీ మెషిన్ గంట వెనకుంది. రోగుల వివరాలన్నీ పోయాయి, రెండింటికి నకలు తీసేస్తుందట!"

ఆవిడ తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. నైటీలోనే, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి కీబోర్డు ముందు కూర్చునేసరికి గోడగడియారంలో రెండుకి మూడు నిమిషాలుంది. మొదటిసారి పాస్‌వర్డ్ తప్పు పడింది.

"త్వరగా కానీ!"

"నెత్తిమీద నిలబడి అరవకే. నా వేళ్లింకా నిద్రపోతున్నాయి."

రెండోసారి తెరుచుకుంది. ఒక్క నిమిషం మిగిలుండగా నకలు తీసే పని ఆగింది. నిన్నటి నకలు తిరిగి ఎక్కడానికి అరగంట పట్టింది. పేర్లు ఒక్కొక్కటే కనబడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పటికే మంచాలు నిండాయి. మొదటి మంచం న్యా ఎవారిస్తాది; పెద్దావిడలని మేం న్యా అనే పిలుస్తాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, ఎప్పటి మోతాదే తెర మీద ఉంది. సిరంజి నింపాను.

బ్లాసిదా నైటీతోనే వార్డులోకి వచ్చింది. "ఆగండి! ఆ తెరకి తెలిసింది నిన్న మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత ఎవరికేమైందో నోటితో చెప్పండి."

నాకు ఒళ్లు మండింది. "ఇప్పటికే ఆలస్యం తల్లీ, ఇక్కడ పంచాయితీ పెట్టకు!"

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. "న్యా ఎవారిస్తా, నిన్నటి నుంచి ఏమైనా?"

"రాత్రి స్నానాలగదిలో జారి తల కొట్టుకున్నానమ్మా. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేశా. ఇవాళ హెపారిన్ వద్దని కంప్యూటర్లో రాసేశానన్నాడు. ఈ పిల్లకి తెలుసుగా."

నాకు తెలియదు. డాక్టరు రాసింది పొద్దున. పొద్దున రాసినవేవీ ఇప్పుడు తెర మీద లేవు. ఆ మందు ఎక్కించి ఉంటే, తలలో నెత్తురు కారుతుంటే ఇక ఆగేది కాదు.

సిరంజిని సూదులు పారేసే డబ్బాలో పడేశాను. బ్లాసిదా నావైపు చూడనైనా లేదు. రెండో మంచం దగ్గరికి వెళ్లి, "అయ్యా, మరి మీ సంగతి?" అని అడిగింది.